నది కోసం గీసిన గీత

మా పిల్లల సెలవులూ, గోదావరి అవతల వాళ్ళ మేనమామ పిల్లల సెలవులూ ఏ ఏడూ కలవవు. అవతల బతుకమ్మకూ దసరాకూ కలిపి రెండు వారాల దాకా బడులు మూస్తారు. సిరొంచలో మావి మరాఠీ బడులు, మహారాష్ట్ర క్యాలెండరు. మాకు పెద్ద సెలవులంటే దీపావళివే. కాళేశ్వరం వంతెన దాటితే తెలంగాణ. ఇంట్లో మాట్లాడేది అదే తెలుగు, ఆడేది అదే సద్దుల బతుకమ్మ, పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ అటూ ఇటే. అయినా మేం హైదరాబాద్ చేరేసరికి అక్కడి పిల్లలు బడిసంచులు తగిలించుకుని ఉంటారు. వాళ్ళు మా ఊరు వస్తామనే రోజుల్లో మావాళ్ళకు పరీక్షలు. పిల్లలు అడిగితే "అది వేరే రాష్ట్రం బిడ్డా" అని చెప్పి ఊరుకుంటాం. అంతకంటే పెద్ద జవాబు ఒకటి ఉంది. మొన్న దీపావళి సెలవుల చివరి రోజు, ఆదివారం నాడు, చౌమహల్లా ప్యాలెస్‌లో జనం మధ్య నిలబడ్డప్పుడు ఆ జవాబు నన్ను గట్టిగా పట్టుకుంది.

సెలవుల చివరి రోజు చూసే చోటు తీరు వేరు. మొదటి రోజు ఎక్కడికైనా పోతే ఆ చోటును ఆ ఊరితో కలిపి చూస్తాం. దారులు, దుకాణాలు, భోజనం అన్నీ కొత్తగా కనిపిస్తాయి. చివరి రోజుకి మనసు సగం బస్టాండులో ఉంటుంది. సంచులు సర్దాలి, రాత్రి బస్సులో సీట్లు దొరకాలి, పొద్దున్నే బడి. అలాంటి మనసుతో ఎంత గొప్ప కట్టడం చూసినా దాని పక్కన మన ఊరే వచ్చి నిలబడుతుంది. ఇది లోపమని చాలామంది అనుకుంటారు. చరిత్రను చూడటానికి ఇంతకంటే మంచి చూపు లేదని నాకనిపిస్తుంది. రాజులు కట్టినదాన్ని రాజుల వైపు నుంచి చూపించేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మన ఊరి వైపు నుంచి మనమే చూసుకోవాలి.

చార్మినార్ దగ్గర ఆటో ఇక కదలదని తేలిపోయాక దిగి నడిచాం. శుక్రవారం ప్యాలెస్ మూసి ఉంటుంది, ఆదివారం కిటకిటలాడుతుంది. టికెట్ల దగ్గర వరస, గేటు దగ్గర వరస, లోపల నీళ్ళకుండీ చుట్టూ ఫొటోల కోసం ఇంకో వరస. ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాలు లోపలికి అడుగుపెట్టగానే తలలన్నీ పైకి లేస్తాయి. బెల్జియం స్ఫటికపు షాండ్లియర్లు పంతొమ్మిది, ఒక్కొక్కటి ఒక చిన్న గది అంత. వాటి కింద పాలరాతి గద్దె. నిజాం కూర్చునే తఖ్తు దాని మీదే వేసేవారు. గద్దె చుట్టూ తాడు కట్టారు. తాడు ఇవతల మేమందరం, భుజానికి భుజం ఆనించి, ఫోన్లు పైకెత్తి.

నా పక్కనున్నాయన విసుక్కున్నాడు: "ఇంతమందిల ఏం జూస్తం? ఖాళీగ ఉన్ననాడు రావాలె."

ఆ మాట ఎక్కడైనా వినిపించేదే. తాజ్‌మహల్ దగ్గరా అదే, మైసూరు ప్యాలెస్‌లో దసరాకూ అదే. కానీ ఆ హాల్లో నిలబడి వింటే ఆ మాట సరికాదనిపించింది. దర్బారు హాలును ఖాళీగా ఉంచడానికి ఎవరూ కట్టలేదు. ఎదురుగా జనం నిలబడి తలవంచితేనే ఆ గద్దెకు విలువ. నజరానాలిచ్చేవాళ్ళు, ఫర్మానా కోసం ఎదురుచూసేవాళ్ళు, కొలువు దొరుకుతుందేమోనని వచ్చినవాళ్ళు, వీళ్ళు లేకపోతే అది పెద్ద గది, అంతే. 1967 ఏప్రిల్‌లో ముకర్రం జాకు ఎనిమిదో నిజాంగా పట్టం కట్టింది ఈ ప్యాలెస్‌లోనే. అప్పటికి రాజ్యం పోయి పంతొమ్మిదేళ్ళయినా జనం వచ్చారు. 2023 జనవరిలో ఆయన పార్థివదేహాన్ని ఇస్తాంబుల్ నుంచి తెచ్చి ఇక్కడే ఉంచితే చివరిచూపు కోసం మళ్ళీ వరసలు కట్టారు. ఆ హాలుకు జనం అలవాటే. ఖాళీ హాల్లో ఒక్కడే తిరగాలన్న కోరిక, తెలిసినా తెలియకపోయినా, ఆ గద్దె మీద కూర్చున్నవాడి కోరికకు దగ్గరగా ఉంటుంది. రాజు కంటికి మాత్రమే జనం అడ్డం.

పైగా ఆ జనాన్ని కాస్త చెవిపెట్టి విన్నాను. ముందు నిలబడ్డ కుటుంబం కన్నడం మాట్లాడుతోంది, బీదర్ వైపు యాస. వెనక పాతబస్తీ ఉర్దూ. గోడ దగ్గర పిల్లాడికి అరటిపండు ఒలిచి పెడుతున్న ఆమె మరాఠీ. చుట్టూరా రకరకాల తెలుగు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి, తెలంగాణను ఆంధ్రతో, మరాఠ్వాడాను బొంబాయితో, కన్నడ జిల్లాలను మైసూరుతో కలిపారు. ఆ మూడు ముక్కలూ ఆదివారం మధ్యాహ్నం ఒకే కప్పు కింద, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ నిలబడి ఉన్నాయి. ఎవరూ పిలవలేదు, సెలవు కాబట్టి వచ్చారు. ఆ హాల్లో నిజంగా చూడవలసింది షాండ్లియర్లో, ఈ జనమో నేను చెప్పలేను.

అరటిపండు తల్లితో నా కొడుకు మరాఠీలో మాట కలిపాడు. ఎక్కడివాళ్ళని ఆమె అడిగింది. గడ్చిరోలి జిల్లా అని చెప్పాను. ఎప్పుడూ జరిగేదే జరిగింది: ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అడవి కదా, నక్సలైట్లు కదా, అక్కడ మరాఠీ వచ్చా? మేం తెలుగువాళ్ళమని చెబితే ఇంకా ఆశ్చర్యపోయింది. వాళ్ళది ధారాశివ్ జిల్లా తుల్జాపూర్ అట. తాత నిజాం కాలంలో ఉర్దూలో చదివాడట. అందుకే చూడాలనిపించి వచ్చారు. "మీ వాళ్ళు కూడా నిజాం కిందేనా?" అంది.

అవునని, కాదని రెండూ చెప్పాల్సిన ప్రశ్న అది. నేను జవాబు వెతుక్కునేలోపు మా వాడు నా చెయ్యి గుంజాడు. పోయినేడు వాడి నాలుగో తరగతి చరిత్ర పుస్తకమంతా శివాజీ మహారాజ్ కథ. "బాపూ, శహాజీ రాజే కొలువు జేసింది ఈ నిజాం దగ్గర్నేనా?"

కాదు. అది అహ్మద్‌నగర్ నిజాంషాహీ, 1636లోనే ముగిసింది. ఈ వంశం 1724లో మొదటి ఆసఫ్ జాతో మొదలైంది. వాడికి అంతవరకు చెప్పాను. వాడి పుస్తకంలో మా సిరొంచ లేదు. అవతల వాడి మేనమామ పిల్లల పుస్తకంలోనూ లేదు. ఏ పుస్తకంలో వెతకాలో తెలియని ఊరి పిల్లలకు రాజులంతా ఒకరిలా కనిపించడంలో వింత లేదు. వాడికీ, ఆ తుల్జాపూర్ తల్లికీ కలిపి చెప్పాల్సిన జవాబు వేరే ఉంది.

చౌమహల్లా కట్టడం 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో మొదలై, 1857 నుంచి 1869 దాకా ఏలిన అఫ్జల్ ఉద్దౌలా కాలానికి పూర్తయింది. అదే అఫ్జల్ ఉద్దౌలా 1860 డిసెంబరులో ఇంగ్లీషువాళ్ళతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. 1857 తిరుగుబాటులో తమ పక్షాన నిలిచినందుకు ఇంగ్లీషువాళ్ళు రాయచూరు దోఆబ్‌నూ, నల్దుర్గ్ - ధారాశివ్ ప్రాంతాన్నీ తిరిగి ఇచ్చారు. సురపురం సంస్థానాన్ని అప్పగించారు. 50 లక్షల అప్పు మాఫీ చేశారు. దానికి బదులు నిజాం ఇచ్చింది గోదావరి ఎడమ ఒడ్డు: సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి. గోదావరి మీద తిరిగే సరుకుకు సుంకాలు కూడా తీసేయాలన్నారు.

అంటే ఏ కాగితం మీద ఆ తల్లి ఊరి వైపు నేల నిజాం చేతికి తిరిగొచ్చిందో, అదే కాగితం మీద మా ఊరు ఆయన చెయ్యి జారింది. ఇప్పుడు రెండూ మహారాష్ట్రలోనే ఉన్నాయి, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. ఇదంతా నా మరాఠీలో వీలైనంత చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. విని, "మరి మీ ఊరివాళ్ళను ఎవరైనా అడిగారా?" అంది.

ఆ ఒక్క ప్రశ్న కోసమైనా అంత జనంలోకి రావచ్చు.

మా ఒడ్డు ఇంగ్లీషువాళ్ళకు ఎందుకు కావలసివచ్చిందో ఇక్కడ చెప్పాలి. వాళ్ళకు మా అడవి మీదా, మా మీదా పెద్దగా మోజు లేదు. కావలసింది నది. బేరారులో పత్తి ఉంది, కాకినాడ దగ్గర సముద్రం ఉంది. మధ్యలో వార్ధా, ప్రాణహిత, గోదావరి. పడవలు నడిస్తే పత్తి నేరుగా మాంచెస్టర్ ఓడెక్కుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఈ జలమార్గం కావాలని పట్టుబట్టాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో తొందర ఇంకా పెరిగింది. దారిలో మూడుచోట్ల బండలు అడ్డం: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. ఆ మూడు అడ్డాలనూ దాటించడానికి ఆనకట్టలూ, పడవల కాలువలూ కట్టే పనిని కెప్టెన్ హేగ్ నడిపించాడు. సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా పెట్టి, గ్లాస్‌ఫర్డ్ దొరను డిప్యూటీ కమిషనర్‌గా కూర్చోబెట్టారు. కొన్నాళ్ళపాటు మా ఊరు జిల్లా కేంద్రం! ఈరోజు మా జిల్లా కేంద్రానికి పోవాలంటే ఆలాపల్లి అడవి మీదుగా రెండొందల కిలోమీటర్ల పైచిలుకు.

కూలీలు ఎండకూ జ్వరాలకూ తట్టుకోలేకపోయారు. ఖర్చు పెరిగింది. అమెరికాలో యుద్ధం ముగిసింది. 1867లో రైలు నాగపూర్ దాకా వచ్చి, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో నది పని ఆపేశారు. దుమ్ముగూడెంలో ఆనకట్టా కాలువా మిగిలాయి, పైనున్న రెండు చోట్లా పని సగంలోనే నిలిచిపోయింది. 1874లో జిల్లానే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు వైపు పోయాయి; సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చర్ల, ఆల్బాక, నూగూరులను కూడా మద్రాసుకే ఇచ్చేశారు. కలిసి చేతులు మారిన ఆ తాలూకాల్లో ఈరోజు భద్రాచలం, చర్ల తెలంగాణలో, రేకపల్లి ఆంధ్రలో ఉన్నాయి. సిరొంచ మధ్యప్రాంతాల్లో ఉండి, 1956లో బొంబాయి రాష్ట్రానికీ, 1960లో మహారాష్ట్రకూ చేరి, 1982 ఆగస్టు 26 నుంచి కొత్త గడ్చిరోలి జిల్లాలో ఉంది.

పత్తి పడవలు మా ఊరి ముందు నుంచి కాకినాడ పోలేదు. వాటి కోసం గీసిన గీత మాత్రం పోలేదు.

నన్ను కలవరపెట్టేది ఈ ఒక్క సంగతే. ఏ నిర్ణయానికైనా ఒక కారణం ఉంటుంది. కారణం పోతే నిర్ణయం కూడా పోతుందని మనం అమాయకంగా నమ్ముతాం. పోదు. నిర్ణయం కచేరీ అవుతుంది, బడి అవుతుంది, బడిలో భాష అవుతుంది. ఏ కార్డు ఏ దవాఖానాలో చెల్లుతుందో అదే తేలుస్తుంది. సెలవులు ఎప్పుడో అదే చెబుతుంది. చివరికి అది ప్రకృతి ఇచ్చినదేమో అన్నంత మామూలైపోతుంది. మా పిల్లలకు నది ఎంత సహజమో నది అవతల వేరే రాష్ట్రం ఉండటం అంత సహజం. ఎవరినైనా అడుగుదామంటే అడగడానికి ఎవరూ మిగలలేదు: అఫ్జల్ ఉద్దౌలా లేడు, రాణి లేదు, బేరారు పత్తి కోసం ఎదురుచూసిన మిల్లులు లేవు.

దక్షిణపు ఆవరణలో అఫ్జల్ మహల్ వైపు నడుస్తుంటే అద్దాల వెనక వస్తువులు వరసగా వచ్చాయి. కత్తులు, పింగాణీ పళ్ళాలు, జరీ షేర్వాణీలు. ఆరో నిజాం కోసం ఆర్డరిచ్చి, ఆయన పోయాక చేరిన పసుప్పచ్చ రోల్స్ రాయిస్ దగ్గర జనం మరీ ఎక్కువ; మా అమ్మాయి వాళ్ళ మామ భుజమెక్కితే గానీ కనబడలేదు. ప్రతిదాని పక్కనా చిన్న చీటీ: ఇది ఫలానా, ఫలానా కాలానిది, ఫలానావారు వాడినది. వాడకం అయిపోయిన వస్తువుకు అంత మర్యాద దొరకడం మంచిదే. రాకుమారి ఎస్రా పూనుకుని ఈ కట్టడాలను బాగుచేయించి 2005లో జనం కోసం తెరిపించకపోతే ఇవన్నీ చెదపట్టేవి. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దీనికి చోటు దక్కింది, దక్కవలసిందే.

మా సరిహద్దు కూడా అలాంటి పాతవస్తువే. దాని పని ఎప్పుడో అయిపోయింది. తేడా ఏమిటంటే దాన్ని అద్దాల బీరువాలో పెట్టి చీటీ అంటించలేం, అందులోనే కాపురముంటాం. చీటీ లేకపోవడంతో అది పాతదని కూడా తెలియదు. ఎప్పటికీ ఉన్నదీ, ఎప్పటికీ ఉండబోయేదీ అనిపిస్తుంది.

గీత చెరపాలని నేననడం లేదు. మరాఠీ మాకు ఇంటికి వచ్చిన బంధువు కాదు, ఇంటి మనిషే అయింది; నా పిల్లలు కోపమొస్తే తెలుగులో, లెక్కలు చేస్తే మరాఠీలో ఆలోచిస్తారు. అందులో పోగొట్టుకున్నదానికంటే వచ్చిందే ఎక్కువని గట్టిగా నమ్ముతాను. మాడియా గోండులు మా తాలూకాలో మాకంటే ముందునుంచి ఉన్నవాళ్ళు. నిజాం, ఇంగ్లీషువాడు, మద్రాసు, నాగపూర్, బొంబాయి, ఎవరి గీతా వాళ్ళను అడిగి గీయలేదు. వాళ్ళ ముందు నా ఫిర్యాదు చాలా చిన్నది. నేననేది ఒకటే: గీతకు పుట్టుక ఉందని తెలియాలి. మనుషులు ఒక గదిలో కూర్చుని, ఒక అవసరం కోసం గీసినదని తెలిస్తే, దాని మీద మాట్లాడే హక్కు మనకూ ఉందని తెలుస్తుంది.

గదులు అయిపోలేదు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. 2016 ఆగస్టు 23న ముంబైలో రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ కూర్చుని మేడిగడ్డ బ్యారేజీకి 100 మీటర్ల ఎత్తుకు ఒప్పందం చేసుకున్నారు. బ్యారేజీ ఒక కొస తెలంగాణలో, రెండో కొస మా తాలూకాలో. 2019 జూన్ 21న ప్రారంభించారు. నీళ్ళు నిలిచాక మా వైపు పొలాలు మునిగాయి. పరిహారం కోసం మా రైతులు సిరొంచలో దీక్షలకు కూర్చున్నారు. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాయి, నీళ్ళు వదిలేశారు. దాని భవిష్యత్తు ఏమిటన్నది ఇంజనీర్లూ కమిషన్లూ చెబుతారు. 1860కీ 2016కీ ఒక పెద్ద తేడా ఉందని నాకు తెలుసు: రెండోసారి ఆ గదిలో కూర్చున్నవాళ్ళు ఓట్లతో వచ్చినవాళ్ళు. మా ఓట్లు కూడా అందులో ఉన్నాయి. దీక్షకు కూర్చోగలిగాం. పేపర్లో వచ్చింది. 1860లో అలాంటిదేదీ లేదు. ఆ తేడాను చిన్నచూపు చూడను, అది ఎంతోమంది కష్టపడి తెచ్చిన తేడా. అయినా ఒడ్డు మీద ఉన్న రైతు పేరు ఆ గది దాకా చేరడానికి రెండుసార్లూ చాలా దూరమే అయింది.

సాయంత్రం గార్డులు ఈలలు వేసి అందరినీ బయటికి పంపుతున్నారు. తుల్జాపూర్ వాళ్ళు గేటు దగ్గర మళ్ళీ కనిపించి, సిరొంచ వస్తే ఎక్కడ దిగాలని అడిగారు. ప్రాణహిత, గోదావరి కలిసేచోటు చూడాలంటే కాళేశ్వరం దాకా బస్సులో వచ్చి, వంతెన దాటి మా ఒడ్డుకు రమ్మన్నాను; 2016లో వంతెన తెరవక ముందు నాటుపడవలో దాటేవాళ్ళమని మా వాడు గర్వంగా చెప్పాడు. అప్పటికి వాడు పుట్టనే లేదు. ఇంట్లో విని విని తనదే చేసుకున్నాడు.

ఉప్పల్ వైపు పోతూ బావమరిదిని అడిగాను, పాత నిజాం దఫ్తరు కాగితాలు ఎక్కడుంటాయని. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉందన్నాడు, మొఘలుల కాలం నుంచీ ఫారసీ కాగితాలు అక్కడే ఉంటాయట. ఆ 1860 ఒప్పందంలో ఎవరికి ఏమి వచ్చిందో, ఎవరు ఏమి వదులుకున్నారో అచ్చు పుస్తకాల్లో ఉంది. నాకు కావలసింది వేరు. ఆ చలికాలం మా ఊళ్ళల్లో చాటింపు వేశారా, వేస్తే ఏ భాషలో వేశారు? పటేలుకు తాఖీదు ఎవరు తెచ్చారు? ఆ ఏటి శిస్తు అవతల కట్టినవాళ్ళను ఇవతల మళ్ళీ కట్టమన్నారా? ఫారసీ నాకు రాదు. చదివిపెట్టే పెద్దమనిషి ఒకరు మలక్‌పేటలో ఉన్నాడని, వచ్చే సెలవులకు ముందే మాట్లాడి ఉంచుతానని బావమరిది అన్నాడు. దరఖాస్తు పెట్టుకోవాలట, గుర్తింపు కార్డు అడుగుతారట. నా కార్డు మీద చిరునామా మరాఠీలో ఉంది, చెల్లుతుందో లేదో కనుక్కొని చెప్పమన్నాను.